అదను తెలిసిన సూది

1948 సెప్టెంబరు. అమెరికాలోని రోచెస్టర్ పట్టణం. కీళ్లవాతంతో మంచం దిగడమే గగనమైపోయిన 29 ఏళ్ల మహిళకు మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్ ఒక కొత్త సూదిమందు మొదలుపెట్టాడు. రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్ అడ్రినల్ గ్రంథుల నుంచి వేరుచేసిన పదార్థం అది. తర్వాత దానికి కార్టిసోన్ అని పేరుపడింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. వారం తిరిగేసరికి బజారుకు వెళ్లి వచ్చింది. 1950లో హెంచ్, కెండాల్, టాడియస్ రైక్‌స్టీన్‌లకు నోబెల్ బహుమతి దక్కింది.

పడకలో ఉన్నవాళ్లు లేచి నడవడమంటే ఏ మతగ్రంథం చదివినవారికైనా మహిమే గుర్తొస్తుంది. హెంచ్ మాత్రం దాన్ని మహిమ అనలేదు. సూది ఆపితే నొప్పి తిరిగొస్తోందనీ, కొనసాగిస్తే ముఖం ఉబ్బి గుండ్రమవుతోందనీ, మనసు కూడా అదుపు తప్పుతోందనీ త్వరలోనే తేలింది. ఈ మందు మంటను ఆర్పదు, కాలిన ఇంటిని బాగుచేయదు, మంటలో ఉన్నవాడికి తొడిగిన కవచం లాంటిది మాత్రమేనని ఆయన పోల్చి చెప్పాడు. అందుకు బైబిలులో అగ్నిగుండం నుంచి చెక్కుచెదరకుండా బయటపడ్డ ముగ్గురు యువకులను తలచుకున్నాడు. మంట ఇంకా మండుతూనే ఉందని వైద్యుడే ఒప్పుకున్న పోలిక అది.

బాధ తగ్గడమూ మేలు జరగడమూ ఒకటేనా?

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన శ్రేయస్సు, ప్రేయస్సు అనే రెండు మాటలు ఈ ప్రశ్నకు దగ్గరివి. మేలు చేసేది ఒకటి, ఇంపుగా ఉండేది మరొకటి. రెండూ మనిషి ముందుకు వస్తాయి, వివేకి వేరుచేసుకుంటాడు. అయితే నచికేతుడి ముందున్నవి రెండు వేర్వేరు దారులు. ఒకవైపు ఏనుగులు, బంగారం, దీర్ఘాయువు. మరోవైపు ఆత్మజ్ఞానం. కార్టిసోన్ లాంటి స్టెరాయిడ్ సూదిలో శ్రేయస్సూ ప్రేయస్సూ ఒకే సీసాలో ఉంటాయి. సీసాను ఎంతసేపు తేరిపార చూసినా ఏది ఏదో తేలదు.

పల్లెల్లో ఈ సూది వాడకం రోజూ జరిగే వ్యవహారం. మోకాళ్లు పట్టేసి, నాట్లకు వెళ్లలేక, ఒక కూలి మహిళ ఆర్‌ఎంపీ దగ్గరకు వెళుతుంది. ‘ఒక్క సూది వేయించుకుంటే పోతుంది’ అని ఇరుగుపొరుగు చెప్పే ఉంటారు. తరచూ ఆ సూదిలో ఉండేది చవకగా దొరికే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. మరునాటికి ఆమె పొలంలో ఉంటుంది. నొప్పి మళ్లీ వస్తే మళ్లీ సూది. నెలల తరబడి ఇలా సాగితే బయటినుంచి వచ్చే హార్మోన్‌కు అలవాటుపడి ఆమె అడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి. అప్పుడు సూది ఒక్కసారిగా ఆగినా, పెద్ద జ్వరమో ఆపరేషనో వచ్చినా, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ స్థితిలో ప్రాణం నిలబెట్టేదీ మరో స్టెరాయిడ్ సూదే, హైడ్రోకార్టిసోన్.

ఆమెకు ప్రేయస్సు మీద మోజు అనడం అన్యాయం. రేపటి నడక ఆమెకు రేపటి కూలి. పైగా తనకు ఎక్కించిన మందు పేరేమిటో కూడా ఆమెకు తెలియదు. పేరు చెప్పకపోతే వేరుచేసి చూసుకునే వీలు ఎక్కడిది? సూది వేసే చేతికి మొదటి ధర్మం కరుణ అని చాలామంది అనుకుంటారు. ఇక్కడ సత్యమే ముందు రావాలి: మందు పేరు, మోతాదు, తేదీ కాగితం మీద రాసి ఇవ్వడం.

మరి సీసాను చూసి మంచీ చెడూ తేలకపోతే, అవి తేలేది దేనితో? చరక సంహిత దీనికి వాడే మాట యుక్తి. ఆప్తవాక్యం, ప్రత్యక్షం, అనుమానాలతో పాటు యుక్తిని కూడా జ్ఞానమార్గంగా లెక్కించిన గ్రంథం అది. నీరు, దున్నకం, విత్తనం, రుతువు కలిస్తేనే పంట అన్నది అందులోని ఉదాహరణ. మన రైతు దీన్నే అదను, పదను అంటాడు. మేలురకం విత్తనమైనా అదను తప్పితే మొలవదు.

నెలలు నిండని బిడ్డల కథలో ఈ అదను కళ్లకు కడుతుంది. న్యూజీలాండ్ వైద్యుడు గ్రాహమ్ లిగిన్స్ గొర్రెల మీద పరిశోధిస్తూ, స్టెరాయిడ్ అందిన గొర్రెపిల్లలు ముందే పుట్టినా ఊపిరి తీయగలగడం గమనించాడు. 1972లో రాస్ హోవీతో కలిసి, కాన్పుకు ముందు తల్లికి బీటామెథసోన్ సూది వేస్తే బిడ్డకు శ్వాస ఇబ్బంది తగ్గుతుందని చూపించాడు. ఇంత మేలైన సూదిని ఊరూరా అందిస్తే ఇంకా మంచిదే కదా? భారత్ సహా ఆరు దేశాల్లో డెక్సామెథసోన్‌తో అలా చేసిన అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. బాగా చిన్న బిడ్డలకు ఆశించిన లాభం కనబడలేదు. మొత్తంమీద నవజాత శిశు మరణాలు పెరిగాయి, తల్లుల్లో ఇన్ఫెక్షన్లూ పెరిగాయి. సూది తీసుకున్నవారిలో చాలామందికి నెలలు నిండాకే కాన్పయింది.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం వెలువడింది. భారత్, బంగ్లాదేశ్, పాకిస్థాన్, కెన్యా, నైజీరియాల్లో 2,852 మంది గర్భిణులు పాల్గొన్నారు. స్కానింగ్‌తో వారాలు నిర్ధారించి, పసిబిడ్డల సంరక్షణ ఉన్న ఆసుపత్రుల్లోనే డెక్సామెథసోన్ ఇచ్చారు. ఆ మందు అందని తల్లుల బిడ్డల్లో 23.5 శాతంగా ఉన్న మరణాలు, అందిన తల్లుల బిడ్డల్లో 19.6 శాతమే. రెండు అధ్యయనాల్లోనూ ఉన్నది అదే మందు.

కోవిడ్ కాలం ఇదే పాఠాన్ని ఇంకా కటువుగా నేర్పింది. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ అధ్యయనం ప్రకారం, రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌తో వెంటిలేటర్ మీదున్నవారి మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం లాభం లేదు. ఈ రెండో వాక్యం చాలామంది చెవికెక్కలేదు. 2021లో జ్వరం వచ్చిన తొలి రోజుల్లోనే స్టెరాయిడ్లు వాడినవారున్నారు. అదుపులేని మధుమేహానికి ఇది తోడై బ్లాక్ ఫంగస్ విజృంభించింది. ఆ మే నెలలో తెలంగాణ దాన్ని తప్పనిసరిగా నమోదు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి దానికి ప్రధాన చికిత్సా కేంద్రమైంది.

ఇవన్నీ విని ‘స్టెరాయిడా, వద్దే వద్దు’ అనేవారు పెరిగారు. భగవద్గీత రాగాన్నీ ద్వేషాన్నీ జంటగానే చెబుతుంది, ఎందుకంటే మోజు ఎంత మసక కమ్మిస్తుందో భయమూ అంతే కమ్మిస్తుంది. ఉబ్బసం తీవ్రమై ఊపిరాడని బిడ్డకు ‘వద్దే వద్దు’ అన్న మాట పట్టుకుని సూది నిరాకరించడం, మోకాలి నొప్పికి లెక్కలేకుండా సూదులు పొడవడం, రెండూ యుక్తి తప్పిన పనులే. మోకాలి విషయంలో 2017లో వెలువడిన అమెరికా అధ్యయనం ఆలోచింపజేస్తుంది. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లపాటు కీలులోకి ట్రయామ్సినలోన్ వేస్తే, ఉప్పునీటి సూదితో పోల్చినప్పుడు నొప్పిలో తేడా లేదు, మృదులాస్థి మాత్రం ఎక్కువ అరిగింది.

మన దేశంలో 2014 నుంచి ఉపకేంద్రంలోని ఏఎన్ఎంకు ఒక అధికారం ఉంది. నెలలు నిండకుండా నొప్పులు మొదలైన గర్భిణిని పెద్దాసుపత్రికి పంపే ముందు డెక్సామెథసోన్ మొదటి మోతాదు ఇవ్వవచ్చు. అర్ధరాత్రి ఉపకేంద్రం తలుపు తట్టిన కుటుంబం తొందరపెడుతూనే ఉంటుంది. ఏఎన్ఎం చెయ్యి మాత్రం ముందు సిరంజి మీదికి పోకూడదు, గర్భిణి కార్డు మీదికి పోవాలి. చివరి నెలసరి తేదీ చూసి వారాలు లెక్కపెట్టాలి. 24కూ 34కూ మధ్య ఉన్నాయా? ఒళ్లు కాలుతోందా, ఉమ్మనీటిలో దుర్వాసన ఉందా? అన్నీ చూసుకున్నాక సూది వేసి, వేసిన సమయం కార్డులో రాసి, తల్లిని 108 ఎక్కించాలి.