పలకరించి రావాలి

మా ఊరి రేడియోలో పొద్దున వార్తలు అయ్యాక చావు కబుర్లు చదువుతారు. ఎవరు పోయారు, ఏ ఊరివాళ్ళు, ఆడమనిషి అయితే పుట్టింటి పేరేమిటి, ఇంట్లో ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా చూడనిస్తారు, చర్చిలో ప్రార్థన ఎప్పుడు, ఎక్కడ ఖననం చేస్తారు. చదివే గొంతులో తొందర ఉండదు. ఐర్లండ్‌లో క్లేర్ కౌంటీలోని ఎన్నిస్‌కి వచ్చిన కొత్తలో అది మొదలవగానే గబుక్కున రేడియో కట్టేసేదాన్ని. పొద్దున్నే పిల్లాడికి ఇడ్లీ పెడుతూ ఈ చావు మాటలేమిటి అనిపించేది. ఇప్పుడు గరిటె పక్కన పెట్టి మరీ వింటాను. తెలిసిన పేరు వినబడితే ఆ సాయంత్రం ఎక్కడికి వెళ్ళాలో తెలుస్తుంది.

పలకరింపు అనే మాటని మనం రెండు చోట్ల వాడతాం. దారిలో ఎదురైనవాళ్ళని 'బాగున్నారా' అనడమూ పలకరింపే, ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చుని రావడమూ పలకరింపే. తెనాలి దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన నేను ఆ మాట కొన్ని వేలసార్లు అని ఉంటాను. ఆ రెండూ ఒకటే పని అని మాత్రం ఈ దేశంలో పదిహేనేళ్ళు ఉన్నాకే తెలిసింది. రోజూ పలకరించే అలవాటు ఉన్నచోటే, కష్టం వచ్చిన ఇంటివైపు కాళ్ళు వాటంతట అవే నడుస్తాయి.

ఇక్కడ బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి థ్యాంక్స్ చెప్పి దిగుతారు, స్కూలు పిల్లలు కూడా. పల్లెదారిలో కారు ఎదురైతే, నడిపే మనిషి స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తుతాడు. మనమెవరో అతనికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 'హౌ ఆర్ యా' అంటూ సాగిపోతారు, జవాబు కోసం ఆగరు. కొత్తలో నేను ఆగి మరీ జలుబు సంగతీ పిల్లాడి జ్వరం సంగతీ చెప్పబోయేదాన్ని. భోంచేశారా అని ఎవరైనా అడిగితే మనమూ కూరల జాబితా చెప్పం కదా. తర్వాత వాన సంగతి వస్తుంది. రోజంతా సన్నగా తుంపర పడుతూంటే దాన్ని 'సాఫ్ట్ డే' అంటారు, మెత్తని రోజు. డిసెంబరులో నాలుగున్నరకల్లా పొద్దుగూకే దేశం ఇది, జూన్‌లో పది దాకా వెలుతురే. అందుకని ఫిబ్రవరి దాటిందంటే సాయంత్రాలు సాగుతున్నాయని ఒకరికొకరు చెప్పుకుని సంతోషిస్తారు.

మా అత్తగారు మూడు నెలలు ఉండడానికి వచ్చినప్పుడు నాకు ఒకటే దిగులు, ఆవిడకి ఇంగ్లీషు రాదు, పొద్దెలా పోతుందో అని. వారం తిరక్కుండా వీధిలో సగం మంది ఆవిడకి చేయి ఊపడం మొదలుపెట్టారు. "ఇక్కడ జనం మొహం చూసి నవ్వుతారే" అని ఫోన్‌లో ఆడపడుచుకి చెప్పుకున్నారు.

ఎదురింటి ఆవిడకీ మా అత్తగారికీ దాదాపు ఒకే వయసు. మొదటిసారి టీకి పిలిచింది. నేను అలవాటు ప్రకారం 'వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాం' అన్నాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ వద్దన్నాను. మూడోసారి అడిగే సరికి కెటిల్ పొయ్యి మీద ఉంది, కప్పులు బల్ల మీద ఉన్నాయి. మన మొహమాటం మొత్తం ఈవిడకి కంఠతా వచ్చినట్టుందే అనుకున్నాను. తర్వాత ఆవిడ మా ఇంటికొచ్చి, అచ్చం నాలాగే రెండుసార్లు వద్దని మూడోసారి కుర్చీ లాక్కుంది. ఈ మర్యాద వీళ్ళకీ ఉందని తెలిశాక ఇక ఊరు పరాయిదనిపించలేదు.

ఐరిష్ భాష ఇక్కడి బడుల్లో పిల్లలందరికీ నేర్పుతారు. మావాడు హోంవర్క్ చేస్తుంటే పక్కన కూర్చుని నేనూ కొంత నేర్చుకున్నాను. ఆ భాషలో అవును, కాదు అనడానికి విడిగా మాటల్లేవు. అడిగిన క్రియతోనే జవాబు చెప్పాలి. 'తిన్నావా' అంటే 'తిన్నాను' అన్నట్టే. 'నాకు ఆకలేస్తోంది' అనడానికి వాళ్ళు 'ఆకలి నా మీద ఉంది' అంటారు. దుఃఖం కూడా అంతే, మనిషి మీద వచ్చి కూర్చుంటుంది. ఆ భాషలో ఒక సామెత ఉంది: మనుషులు ఒకరి నీడన ఒకరు బతుకుతారని. 'స్కా' అనే ఆ మాటకి నీడ అనీ, ఆసరా అనీ రెండర్థాలున్నాయి. మన 'నీడ' కూడా అంతేగా. ఇంగ్లీషులో చెప్పబోతే ఏదో ఒక అర్థం జారిపోయే ఆ మాట తెలుగులో చెక్కుచెదరకుండా దిగింది.

ఈ నీడ విలువ వీళ్ళకి ఊరికే తెలియలేదు. డబ్లిన్ వెళ్ళినవాళ్ళు లిఫీ నది ఒడ్డున, కస్టమ్ హౌస్ పక్కన ఆగండి. బక్కచిక్కి చింపిరి బట్టలతో ఓడ వైపు నడుస్తున్న కంచు మనుషులు కనిపిస్తారు. రోవన్ గిలెస్పీ మలచిన ఆ శిల్పాలను 1997లో పెట్టారు. 1845లో బంగాళదుంపకి తెగులు తగిలింది. పేదవాడి కంచంలో ఉన్నదే దుంప. దేశంలో ఇతర పంటలు పండుతూనే ఉన్నాయి, ఆ తిండి ఓడలెక్కి బయటికి పోతూనే ఉంది. ఏడేళ్ళలో సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు, మరో పది లక్షల మంది వలస పోయారు. 1841లో ఈ దీవి జనాభా 80 లక్షల పైమాటే. ఉత్తర ఐర్లండ్‌ని కలుపుకుని లెక్కేసినా ఈనాటికీ ఆ సంఖ్యకి చేరలేదు. డొక్కల కరువు గురించి విన్న ఊళ్ళనుంచి వచ్చిన మనకి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ కరువుకి తొలినాళ్ళలో అందిన విరాళాల్లో కలకత్తాలో వసూలైనవీ ఉన్నాయి. అమెరికాలో తమ నేల పోగొట్టుకుని తరిమివేయబడ్డ చోక్తా తెగవాళ్ళు 1847లో తమకున్న కొద్దిపాటి డబ్బు పోగుచేసి పంపారు. కార్క్ కౌంటీలోని మిడిల్టన్‌లో వాళ్ళకోసం ఒక స్మారకం కట్టారు. తొమ్మిది ఉక్కు గద్ద ఈకలు గుండ్రంగా పైకి లేచి, ఖాళీ గిన్నెలా నిలబడి ఉంటాయి. 2020లో కోవిడ్ వచ్చి అమెరికాలో నవాహో, హోపీ తెగలు అల్లాడుతుంటే ఐర్లండ్ జనం వేలమంది డబ్బు పంపారు. వేరే తెగలకి ఎందుకు పంపుతున్నారంటే, చోక్తాలు మాకు చేశారుగా అన్నారు. నూట డెబ్బై ఏళ్ళు దాటాయి. ఆ ఊళ్ళో ఆ గిన్నె ముందు నిలబడితే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పక్కింటివాళ్ళు ఏదైనా పెట్టి పంపితే, గిన్నె తోమి, రెండు అరిసెలో గుప్పెడు పంచదారో వేసిగానీ తిప్పి పంపేది కాదు.

వలస వెళ్ళే పిల్లల కోసం ఆ రోజుల్లో ముందురోజు రాత్రి ఊరంతా చేరేది. పాటలు, ఆటలు, తెల్లవారేసరికి ఏడుపులు. శవం దగ్గర జాగారం చేసినట్టే చేసేవాళ్ళు కాబట్టి దాన్ని 'అమెరికన్ వేక్' అనేవాళ్ళు. వెళ్ళినవాళ్ళు తిరిగి రారని అందరికీ తెలుసు. 1990లో అధ్యక్షురాలైన మేరీ రాబిన్సన్, ఫీనిక్స్ పార్కులోని అధ్యక్ష భవనంలో వంటింటి కిటికీ దగ్గర ఒక దీపం వెలిగించి ఉంచారు, దూరదేశాల్లో ఉన్న తమవాళ్ళందరి కోసం. శంషాబాద్ విమానాశ్రయంలో అద్దం అవతల నిలబడి చేయి ఊపిన మా నాన్న మొహం నాకు ఆ కిటికీ గురించి విన్నప్పుడే మళ్ళీ కళ్ళముందుకొచ్చింది.

2021 మే నెలలో నాన్న పోయారు. అక్కడ కోవిడ్ రెండో వేవ్, వెళ్ళే దారి లేదు. అంత్యక్రియలు ఫోన్ తెరమీద చూశాను. ఆ నెలల్లో ఇక్కడా ఇళ్ళలోకి ఎవరూ ఎవరినీ రానివ్వడం లేదు. శవయాత్ర వెళ్తుంటే జనం రోడ్డుకి రెండువైపులా ఎడంఎడంగా నిలబడి సాగనంపేవాళ్ళు. ఎదురింటి ఆవిడ ఎలా తెలుసుకుందో, ఆ సాయంత్రం గేటు దగ్గరికొచ్చి ఆగింది. "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అంది. నీకొచ్చిన కష్టానికి బాధగా ఉందమ్మా అని. ఇంకేం మాట్లాడలేదు. తలెత్తి చూస్తే వీధిలో ఎవరి గేటు దగ్గర వాళ్ళు నిలబడి ఉన్నారు, చేతిలో కొవ్వొత్తులు. తెనాలి ఎక్కడుందో తెలియని మనుషులు తెనాలిలో పోయిన మా నాన్నకోసం పావుగంట నిలబడ్డారు. పిల్లాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఆంక్షలు సడలాక ఆవిడే మమ్మల్ని లిస్కానర్ తీసుకెళ్ళింది. అమ్మానాన్నలు వస్తే అందరం మోహర్ కొండకొమ్ములకి తీసుకెళ్తాం. సముద్రం మీద 214 మీటర్ల దాకా ఎత్తున నిటారుగా నిలబడే రాతిగోడ, అరన్ దీవులు దాటితే ఇక అమెరికా దాకా నీళ్ళే. తప్పకుండా చూడండి, పెద్దవాళ్ళకి చెప్పులు వద్దు, బూట్లు వేయించండి, గాలి మనిషిని తోసేస్తుంది. కానీ అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఈ లిస్కానర్ దగ్గర, రోడ్డు పక్కనే ఇక్కడివాళ్ళు కొలిచే సెయింట్ బ్రిజిడ్ బావి, మన మాటలో బ్రిజిడమ్మ బావి, ఉంటుంది. బస్సులు ఎక్కువగా ఆగకుండానే పోతుంటాయి. చిన్న సున్నపు గోడల దారి, లోపలికి వెళ్తే నీళ్ళ చప్పుడు. గోడల నిండా జపమాలలు, బొమ్మలు, పోయినవాళ్ళ ఫొటోలు, తడికి రంగు వెలిసిన కార్డులు. ఇలాంటి బావుల దగ్గర చెట్లకి గుడ్డపేలికలు కట్టి ఉంటాయి, మన గుళ్ళ దగ్గర ముడుపులు కట్టినట్టే. నా పర్సులో నాన్న పాస్‌పోర్టు ఫొటో ఉంటే, ఎవరో ముసలాయన ఫొటో పక్కన గోడకి ఆనించి పెట్టాను. ఎదురింటి ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది. నేను దణ్ణం పెట్టుకున్నాను.

ఈ దేశానికీ మనకీ పాత పరిచయమే. మన వి.వి.గిరి 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు. ఈస్టర్ తిరుగుబాటు జరిగిన ఆ ఏడాదే దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. అప్పటి తూటాల గుర్తులు జనరల్ పోస్టాఫీసు స్తంభాల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఇటు నుంచి అటు వెళ్ళినావిడ మార్గరెట్ కజిన్స్, రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్‌లో పుట్టారు. భర్త జేమ్స్ కజిన్స్ మదనపల్లె థియోసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాల్. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు అక్కడికొచ్చి 'జనగణమన' పాడినప్పుడు దాని బాణీకి స్వరలిపి రాసింది ఆవిడే. వచ్చిన ఊరిని తన ఊరు చేసుకోవడం ఎలాగో ఆవిడ చేసి చూపించారు. మన పిల్లలకి ఈ కథ చెప్పాలి.

ఇంత చెప్పి చేదు సంగతి దాచకూడదు. 2025 వేసవిలో డబ్లిన్‌లో మనవాళ్ళ మీద దాడులు జరిగాయి. రాయబార కార్యాలయం జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది. ఇండియా డే వేడుక వాయిదా పడింది. ఎన్నిస్‌లో ఏమీ జరక్కపోయినా సాయంత్రాలు నడకకి వెళ్ళడం మానేశాను. నాలుగో రోజున ఎదురింటి ఆవిడ చేతికర్రతో వచ్చి తలుపు కొట్టింది. "నాకు తోడు కావాలి, నడుద్దాం పద" అంది. ఆవిడకి అప్పటికి నాలుగడుగులు వేయడమే కష్టం. వీధి చివరదాకా వెళ్ళి వచ్చాం.

నవంబరులో ఒక పొద్దున రేడియో ఆవిడ పేరు చదివింది.

వెళ్ళేసరికి గుమ్మం బయటిదాకా వరుస. ముందుగదిలో పెట్టెలో ఆవిడ, వేళ్ళకి జపమాల చుట్టి ఉంది. గోడ వెంట కుర్చీల్లో కూతుళ్ళు, కొడుకు. ఒక్కొక్కరికీ చేయి ఇచ్చి, ఆ 'సారీ ఫర్ యువర్ ట్రబుల్' అనే నాలుగు మాటలే అంటూ వెళ్ళాలి. వంటింట్లో మాత్రం కెటిల్ దించే తీరికే లేదు. కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు, పళ్ళేల కొద్దీ కేకులు, ఆవిడ కథలు, మధ్యమధ్య నవ్వులు. పోయిన మనిషి దగ్గర నవ్వడమేమిటని మొదట్లో అనుకునేదాన్ని. మా ఊళ్ళో పెద్దకర్మ నాడు మామయ్యలు అరుగు మీద చెప్పుకునే కబుర్లు ఇలాంటివే అని ఆ రాత్రి తట్టింది.

మావాడు ఇక్కడివాళ్ళ సొంత ఆట హర్లింగ్ ఆడతాడు. ఆ ఆటలో దేశంలోకెల్లా పెద్ద ఆటగాళ్ళకి కూడా జీతం ఉండదు, పొద్దున ఎవరి ఉద్యోగానికి వాళ్ళు వెళ్తారు. పిల్లలకి నేర్పేవాళ్ళూ ఊరికే నేర్పుతారు. ఎదురింటి ఆవిడ ఏళ్ళ తరబడి మావాడి క్లబ్బులో టీ కాచింది. మర్నాడు చర్చి బయట క్లబ్బు పిల్లలు రెండు వరుసల్లో నిలబడ్డారు, వానలో, జెర్సీలు తడుస్తూ. మావాడూ ఉన్నాడు. రమ్మని నేను చెప్పలేదు. ఉగాదికి స్టేజి మీద పద్యం చెప్పినప్పుడు వాణ్ణి చూసి పొంగిపోయాను. ఆ వానలో వాణ్ణి చూసినప్పుడు మాత్రం గొంతులో మాట ఆగిపోయింది. మన తెలుగు సంఘంలో పిల్లలకి పద్యాలూ నాట్యమూ శ్రద్ధగా నేర్పుతున్నాం, అవి ఉండాల్సిందే. ఎదురింట్లో కష్టమొస్తే వాళ్ళని వెంటబెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళడం కూడా మన చదువులో భాగం కావాలని, ఈ సంచిక చదివే తల్లిదండ్రులను నోరు తెరిచి అడుగుతున్నాను.

నెల తిరిగాక ఆవిడ పేరున చర్చిలో మాసికం లాంటి ప్రార్థన జరిగింది. ఆ మధ్యాహ్నం పెద్దకూతురు మా తలుపు తట్టింది. చేతిలో నా స్టీలు డబ్బా. ఎప్పుడో నేను పులిహోర పెట్టి పంపినది, తిరిగి అడగడం బాగుండదని మరిచిపోయాను. బీరువా సర్దుతుంటే దొరికిందట. మూతకి చీటీ అంటించి ఉంది, ఆవిడ వణుకు అక్షరాలతో మా ఇంటి నంబరు.

పట్టుకుంటే బరువుగా, వెచ్చగా ఉంది. మూత తీస్తే సోడా బ్రెడ్, అప్పుడే పొయ్యిలోంచి తీసింది.

"అమ్మ ఉంటే ఖాళీగా పంపనిచ్చేది కాదు" అంది.

లోపలికి రమ్మని, టీ పెట్టనా అన్నాను. వద్దంది. మళ్ళీ అడిగాను.