వ్రేలిని వంచునదెవరు?

చదువరులారా! చేయి చాచి వ్రేలొకటి వంచి చూడుఁడు. ఆ బలము వ్రేలిలోనిదేనా? కాదు. వ్రేలిని వంచెడు కండరమొక్కటియు వ్రేలియందు లేదు. పెద్ద కండరములు ముంజేతియందును, చిన్నవి అరచేతియందును గలవు. వాని స్నాయువులు త్రాళ్లవలె సాగి వ్రేలియెముకల నంటియున్నవి. కండరము లాగఁగలదే కాని త్రోయఁజాలదు. కావున వంచుటకొకటియు, చాచుటకొకటియు వలసియున్నవి.

ఇంకొక పరీక్ష. అరచేతిని బల్లపై నానించి, నడిమివ్రేలిని లోనికి మడిచి, ఉంగరపువ్రేలిని పైకెత్తఁజూడుఁడు. అది లేవదు, లేచినను ఇంచుకయే. చేతివెనుక దాని స్నాయువు పొరుగువానితో ముడివడియుండుటయే కారణము. ఏ వ్రేలును ఒంటరిది కాదు.

కోటబొమ్మాళినుండి టెక్కలిమీదుగాఁ బలాసకుఁ బోయినచో, జీడిపిక్కలు కొట్టి పప్పు తీయు స్త్రీలను, పొట్టు వలుచు స్త్రీలను గాంతుము. యంత్రములు వచ్చినను వారి వ్రేళ్లకుఁ బని తీరలేదు. పిక్కతొక్కలోని నూనె చర్మమును గాల్చును. పప్పు మాత్రము తెల్లగా మన పాయసములోనికి వచ్చును.

పప్పు మనది, కాలిన వ్రేలు మనది కాదందుమా? ఆ వ్రేళ్లను గదలించునది వారి ముంజేయి. ఆ ముంజేతిని బనికిఁ బురికొల్పునది మన కోరికయు, మన రూకలును. లాగువాఁడు కనఁబడనంతమాత్రమున లాగలేదని చెప్పవచ్చునా?

కావున పప్పు వెల యడుగునపుడు, ఆ చేతులకుఁ దొడుగులున్నవా, కూలి న్యాయమైనదేనా యనియు నడుగుదము. అడుగకుండుటయు నొక కార్యమే. దాని ఫలము వేఱొకరి వ్రేళ్లపై నున్నది.