మూడో సున్నా

లాస్ వేగస్‌లో స్ట్రిప్ అనే కాసినోల వీధి మీద నల్లద్దాల పిరమిడ్ ఒకటుంది. అదొక హోటలూ కాసినోనూ, పేరు లక్సర్, ఎత్తు 30 అంతస్తులు. 1993లో తెరిచినప్పుడు దాని లోపల నైలు నది పేరుతో ఒక కాలువ, అందులో పడవలు ఉండేవి. ఎమ్మెస్ చదివే రోజుల్లో ఆ పడవెక్కిన కుర్రాడొకడు, ఇప్పుడు తల నెరిసిన ఇంజనీరు, తెనాలి నుంచి వచ్చిన తల్లికి అదంతా చూపించాలని తీసుకెళ్లాడు. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు.

కాలువ లేదు. పడవలు తీసేసి చాలా ఏళ్లయింది. 2007 నుంచి యజమానులు లోపలి ఈజిప్టు అలంకారాన్ని చాలావరకు తొలగించుకుంటూ వచ్చారు. టూటన్‌ఖామెన్ సమాధి నమూనా ఊళ్లోని మ్యూజియానికి చేరింది. బయట స్ఫింక్స్, లోపల పిరమిడ్ వాలు వెంబడి ఏటవాలుగా ఎక్కే లిఫ్టులు మిగిలాయి. కొడుకు ముఖం చిన్నబోయింది.

"ఇది అప్పటి వీధే కాదమ్మా," అంటూ బయటికొచ్చి చెప్పుకుపోయాడు. అదిగో ఆ మూల, 1957 నాటి ట్రాపికానా హోటల్ ఉండేది. 2024 అక్టోబరులో బాణసంచా కాల్చి మరీ కూల్చేశారు, బేస్‌బాల్ స్టేడియం కోసం. ఇంకాస్త పైకి వెళ్తే మిరాజ్ హోటల్. దాని ముంగిట రోజూ రాత్రి అగ్నిపర్వతం మండేది. దాన్నీ అదే ఏడాది జులైలో మూసేశారు. అక్కడ గిటారు ఆకారంలో హోటల్ కడుతున్నారు. సొంతూళ్లో తాతల నాటి పెంకుటిల్లు పడగొట్టినప్పుడు కూడా అతను ఇంత బాధపడలేదు.

ఎండకు తాళలేక దారిలో మరో కాసినోలోకి వెళ్లారు. రూలెట్ బల్ల దగ్గర అతని ముఖం వికసించింది.

"ఇదొక్కటే మారలేదమ్మా. అప్పుడూ 17 మీదే పెట్టేవాణ్ణి," అంటూ డబ్బు తీయబోయాడు.

తల్లి బల్ల మీద పరిచిన గుడ్డను పై నుంచి కింది దాకా చూసింది. "మీ రోజుల్లో ఎన్ని గళ్లురా?"

"38. ఒకటి నుంచి 36 దాకా అంకెలు, రెండు సున్నాలు."

"ఇక్కడ సున్నాలు మూడున్నాయి, చూడు. గెలిస్తే ఎంతిస్తారు?"

"ఒకటికి 35. అప్పుడూ అంతే."

ఆవిడ క్లాసులో చెప్పినట్టే చెప్పింది: "ఒక్కో గడి మీద ఒక్కో డాలరు పెట్టామనుకో. అప్పుడైతే 38 పెడితే, గెలిచిన గడి మీది డాలరుతో కలిపి 36 తిరిగొచ్చేవి. వాళ్లకు రెండు మిగిలేవి. ఇప్పుడు 39 పెట్టినా వచ్చేవి అవే 36. వాళ్లకు మూడు. వందకు అయిదు పైచిలుకు పోయేది, ఇప్పుడు ఏడున్నర దాటింది. పడవ తీసేశారని పొద్దుట్నుంచీ దిగులు పడుతున్నావు. ఆ పడవ పోయినందుకు నీకు రూపాయి నష్టం లేదు నాన్నా. ఈ సున్నా వచ్చినందుకు ఉంది."

కొడుకు చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

నీతి: మారుతున్న చోట మనకు ముందుగా కనపడేది గోడ, గోపురం. వాటి కోసం బాధపడడం తప్పు కాదు, ఆ బాధలో ప్రేమ ఉంది. కానీ మన చేతిలోంచి ఏం పోతోందో తెలియాలంటే లెక్కను చూడాలి. స్ట్రిప్ మీద భవనం కూలిన రాత్రి జనం నిలబడి చూశారు. 2016 ప్రాంతంలో మూడో సున్నా ఆ వీధికి వచ్చినప్పుడు ఎవరూ తలెత్తలేదు. బ్లాక్‌జాక్ అనే పేకాటలోనూ ఇదే జరిగింది: పది డాలర్ల పందేనికి బ్లాక్‌జాక్ పడితే ఒకప్పుడు 15 ఇచ్చేవారు, ఇప్పుడు చాలా బల్లల మీద 12 ఇస్తున్నారు. ఇందులో దాచిందేమీ లేదు. ఎంతిస్తారో ఆ బల్ల గుడ్డ మీదే, కూర్చునేవాడి కళ్లెదుట, అచ్చేసి ఉంటుంది.