ముట్టుకోవచ్చు అన్న తర్వాత

మ్యూజియంలో "తాకరాదు" అన్న బోర్డుకి మనం ఎంతగా అలవాటు పడిపోయామంటే, శిల్పం ముందు నిలబడగానే చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లిపోతాయి. అందుకే ఏదైనా కళాఖండం "రండి, ఎక్కండి, కూర్చోండి, ఆడుకోండి" అంటే ముందు నమ్మబుద్ధి కాదు, ఆ తర్వాత భలే సంతోషమేస్తుంది. కొండలానో, గూడులానో, గింజల కుప్పలానో ప్రకృతిని గుర్తుచేస్తూ అందర్నీ ఆటలోకి లాగే పబ్లిక్ ఆర్ట్ అంటే నాకు చాలా ఇష్టం. కానీ దాని గురించి చదివినప్పుడల్లా ఒక ప్రశ్న వెంటపడుతుంది. "ముట్టుకోవచ్చు" అని ఒకసారి పిలిచాక, పిలిచినవాళ్ల మీద పడే బాధ్యత ఏమిటి? అది ఎవరెవరి పట్ల?

లండన్‌లోని టేట్ మోడర్న్ ఒకప్పుడు విద్యుత్ కేంద్రం. టర్బైన్లు ఉండే ఆ పెద్ద హాల్లోకి ఇప్పుడు టికెట్ లేకుండా ఎవరైనా నడిచి వెళ్లొచ్చు. ఒకరకంగా అది పైకప్పున్న వీధి. 2003 అక్టోబర్‌లో ఒలాఫర్ ఎలియాసన్ అక్కడ ఒక సూర్యుణ్ణి పెట్టాడు. నిజానికి ఉన్నది సగం సూర్యుడే: అర్ధవృత్తపు తెర, దాని వెనక సుమారు 200 పసుపు దీపాలు. పైకప్పంతా అద్దం కాబట్టి మిగతా సగం ప్రతిబింబం పూర్తి చేసేది. హాలంతా పల్చటి పొగమంచు. జనం వచ్చి నేలమీద వెల్లకిలా పడుకున్నారు. పైన అద్దంలో చీమంత కనిపిస్తున్న తమని తాము వెతుక్కున్నారు, చేతులూపారు, గుంపులుగా పడుకుని ఒంటితో అక్షరాలు రాశారు. ఆట ఎలా ఆడాలో వాళ్లే కనిపెట్టుకున్నారు. ఐదారు నెలల్లో 20 లక్షల మందికి పైగా చూశారు. ఇంతమంది ఆడినా ఆ సూర్యుడు అరగలేదు, ఎందుకంటే ఆడినది కాంతితో.

ఏడేళ్ల తర్వాత అదే హాల్లో జరిగింది వేరే కథ. 2010 అక్టోబర్‌లో ఐ వెయ్‌వెయ్ అక్కడ 10 కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. దూరం నుంచి చూస్తే బూడిదరంగు గులకరాళ్ల తీరం. దగ్గరికెళ్లి దోసిట్లోకి తీసుకుంటే ఒక్కో గింజా పింగాణీది, ఒక్కోదాని మీదా చేత్తో గీసిన చారలు. చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ పట్టణంలో 1600 మందికి పైగా రెండేళ్లకు మించి పనిచేస్తే తయారైనవి అవి. మొదట్లో జనం వాటి మీద నడిచారు, పిల్లలు వాటిలో కాళ్లు పూడ్చుకున్నారు, పెద్దవాళ్లు సముద్రపు ఒడ్డున ఇసుకలో కూర్చున్నట్టు కూర్చున్నారు. కొద్ది రోజులకే తాడు కట్టేశారు. అన్ని కాళ్ల కింద గింజలు ఒరుసుకుని పింగాణీ ధూళి లేస్తోందనీ, అది పదేపదే పీల్చితే ఆరోగ్యానికి మంచిది కాదనీ చెప్పారు. అక్కణ్ణుంచి అది పక్కన నిలబడి చూసే కళ అయిపోయింది.

ఈ తాడుని చూసి కోపం రావడం తేలిక. ఆధునిక సంస్థలన్నీ భయస్తులు, కాలు బెణుకుతుందేమో అని ఆటనే ఆపేస్తాయి అనొచ్చు. దానికి పాత ఉదాహరణ కూడా ఉంది. 1971లో టేట్ గ్యాలరీలో రాబర్ట్ మోరిస్ చెక్క పలకలు, ఏటవాలు దారులు, తాళ్లు, దొర్లే గొట్టాలు పెట్టి ఎక్కి ఆడుకోమన్నాడు. జనం ఎంత హుషారుగా ఆడారంటే దెబ్బలు తగిలాయి, వస్తువులు దెబ్బతిన్నాయి, ప్రదర్శన కొద్ది రోజుల్లోనే మూతపడింది. 2009లో టర్బైన్ హాల్లోనే దాన్ని కొత్త సామగ్రితో, ఇంకాస్త భద్రంగా మళ్లీ కట్టారు. మోకాలు చీరుకుపోయే అవకాశం బొత్తిగా లేని ఆట ఆటే కాదు అనేవాళ్లతో నేనూ ఏకీభవిస్తాను.

అయితే చీరుకుపోయిన మోకాలు, పీల్చిన ధూళి ఒకటి కాదు. మోకాలు ఆడినవాడిది. ఎక్కాలా వద్దా అని నిర్ణయించుకున్నదీ వాడే, మందు రాసుకునేదీ వాడే. ధూళి అలా కాదు. గింజల మీద నడవడానికి వచ్చినవాళ్లు అరగంట ఉండి కాఫీ తాగడానికి వెళ్లిపోతారు. వాళ్లకి అయ్యేది దాదాపు ఏమీ లేదు. అక్కడే రోజంతా, నెలల తరబడి నిలబడే కాపలా ఉద్యోగి సంగతి ఏమిటి? సాయంత్రం ఊడ్చేవాళ్ల సంగతి ఏమిటి? వాళ్లు ఆడలేదు. ఆటకి ఒప్పుకున్నది వాళ్లు కాదు. ఆట ఒకరిది, అరుగుదల ఇంకొకరిది.

ఈ లెక్కని ఇంకొంచెం వెనక్కి లాగితే జింగ్‌డెజెన్‌కి చేరుతుంది. మట్టిపనిలో లేచే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్ని తినేస్తుందని ఇంగ్లాండు కుమ్మరులకి ఎప్పుడో తెలుసు. ఆ జబ్బుకి "పాటర్స్ రాట్" అని వాడుక పేరు కూడా ఉంది. అంటే ఆ హాల్లో రెండు మూడు రోజుల్లో పెద్ద వార్తైన ధూళి, మట్టితో బతికేవాళ్లకి ఎప్పటినుంచో ఉన్న ధూళే. చూసేవాళ్ల దాకా వచ్చాక అది సమస్యగా కనిపించింది. ఐ వెయ్‌వెయ్ ఆ పని చేసినవాళ్లని దాచలేదు, వాళ్ల పనిని వీడియోలో ప్రదర్శన పక్కనే చూపించాడు. అయినా ఆడుకోవడానికి వచ్చిన మన కళ్లు ముందు గింజల మీదకే పోతాయి.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. మా దగ్గర డెమోకి చప్పట్లు పడతాయి. ఆ ఫీచర్ లక్షమంది వాడాక రాత్రి రెండింటికి అలర్ట్ మోగితే నిద్రలేచేది డెమో ఇచ్చిన మనిషి కాదు, ఆ వారం ఆన్-కాల్‌లో ఉన్న మనిషి. "యూజర్లని పిలవండి" అనడం చాలా సులువు. ఎంతమంది, ఎన్నాళ్లు, విరిగితే ఎవరు బాగుచేస్తారు అన్నవి డిజైన్‌లో భాగంగా రాసుకోవడం కష్టం. విందుకి పిలిచినవాళ్లు వంట గురించే కాదు, ఎంగిలాకులు ఎవరు ఎత్తుతారన్నది కూడా ఆలోచించాలి. మన దేశంలో ఆ ఆకులు ఎప్పుడూ ఎవరి చేతికి వెళ్లాయో మనకి తెలుసు కాబట్టి ఇది మనకి ఇంకా బాగా అర్థం కావాలి.

అలా ఆలోచించి చేసిన పనులు లేకపోలేదు. జపాన్ కళాకారిణి తొషికొ హొరియుచి మెక్ఆడమ్ మొదట దారాలతో వలలాంటి శిల్పాలు అల్లేది. ఒక ప్రదర్శనలో పిల్లలు అనుమతి అడక్కుండా వాటిలోకి ఎక్కేశారు. ఆవిడ వాళ్లని దించేయలేదు, తన కళ ఎవరి కోసమో అక్కడ తేల్చుకుంది. ఆ తర్వాత పిల్లలు ఎక్కి ఊగడానికే రంగురంగుల క్రోషే వలలు అల్లుతూ వచ్చింది. హకొనెలోని ఆరుబయటి మ్యూజియంలో, దుంగలతో కట్టిన మంటపంలో అలాంటి వల ఒకటి వేలాడుతోంది. వల అన్నాక సాగుతుంది, పోగు తెగుతుంది. అల్లడం వచ్చిన చేతికి మళ్లీ ముడివేయడమూ వచ్చు. మరమ్మతు ఇక్కడ ఆటకి బయటి సంగతి కాదు.

ఇసాము నొగుచి ఇంకో దారి పట్టాడు. 1930లలో న్యూయార్క్ కోసం పిల్లలు ఎక్కి జారే మెట్లమెట్ల కొండొకటి ఊహించాడు. పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్ తోసిపుచ్చాడు. చివరికి 1988లో జపాన్‌లోని సప్పోరో నగరం, చెత్త పోస్తున్న స్థలాన్ని పార్కుగా మార్చే పని ఆయనకి అప్పగించింది. ప్లాన్ గీసి అదే ఏడాది చివర్లో చనిపోయాడు. మొయెరెనుమ పార్కు 2005లో పూర్తయింది, ఆ ఆటల కొండ అందులో ఉంది. ఊరు పారేసిన దాని మీదే ఊరి పిల్లలు ఎక్కి దిగుతున్నారు. అరిగినచోట గడ్డి మళ్లీ మొలుస్తుంది, గడ్డి చూసుకోవడం పార్కు సిబ్బంది రోజువారీ పనే.

ఇదే చూపుతో మన దగ్గరివి చూస్తే రెండు సంగతులు తోస్తాయి. హంపి విఠ్ఠలాలయంలో వేళ్లతో తడితే స్వరం పలికే రాతి స్తంభాలు ఉన్నాయి. ఇప్పుడు వాటిని తట్టనివ్వరు. అక్కడి తాడు నాకు పిరికితనంలా అనిపించదు. రాయికి గడ్డిలా మళ్లీ మొలిచే గుణం లేదు, మన తర్వాత వచ్చేవాళ్లు ఇవాళ వచ్చి తమ వంతు అడగలేరు. రెండోది, మన పార్కుల్లో బొమ్మ ఎక్కిన పిల్లల మీద విజిల్ వేసే వాచ్‌మన్. ఆయన్ని ఆటకి శత్రువుగా చూస్తాం. కానీ బొమ్మ విరిగితే ముందు నిలదీసేది ఆయన్నే. దాన్ని బాగుచేయడానికి డబ్బూ మనిషీ ఉన్నాయని ఆయనకి తెలిస్తే విజిల్ అన్నిసార్లు మోగదేమో.

ఆట వద్దని నేననడం లేదు. నగరంలో మనం కొనకుండా, క్యూ కట్టకుండా చేయగలిగే పనులు ఎలాగూ తగ్గిపోతున్నాయి, ఇలాంటి పిలుపులు ఇంకా కావాలి. కాకపోతే ఈసారి మన ఊళ్లో ఏ చెరువుగట్టు మీదో అలాంటి కొత్త శిల్పం లేస్తే, చేసినవాళ్లని నాలుగు మాటలు అడగాలనుంది. ఇది ఎలా అరుగుతుంది? అరిగితే ఎవరు సరిచేస్తారు? వాళ్లకి జీతం ఎంత? వాళ్ల పిల్లలు కూడా ఇక్కడికొచ్చి ఆడుకోవచ్చా?