పదో మనిషి దాకా ఆగని పొగ

వెల్డింగ్ మెరుపు కనబడితే అందరం ముఖం పక్కకు తిప్పుకుంటాం. దాని వెంట లేచే పొగ గురించి మాత్రం ఎవరం అడగం. సూర్యాపేట, కోదాడ రోడ్ల పక్క షెడ్లలో గేట్లు, గ్రిల్స్ చేసేవాళ్లూ, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో రిపేర్లు చేసేవాళ్లూ రోజంతా పీల్చేది ఆ పొగనే.

లోహం ఆవిరై, చల్లబడి, మైక్రాన్ కన్నా చిన్న రేణువులుగా ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది. మాంగనీసు ఏళ్ల తరబడి చేరితే నరాలను దెబ్బతీస్తుంది. జీఐ పైపు మీది జింకు ఆ రాత్రికే చలిజ్వరం తెప్పించగలదు. వెల్డింగ్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది.

వెల్డర్ ఎంత పీలుస్తున్నాడో కొలవాలంటే షెడ్డు మధ్యలో పరికరం పెడితే చాలదు. వెల్డర్ నడుముకు చిన్న పంపు కట్టి, ఫిల్టర్‌ను ముక్కు దగ్గర, ముఖానికి పెట్టుకున్న షీల్డు లోపల అమర్చాలి. పనికి ముందూ తర్వాతా ఫిల్టర్‌ను తూచాలి. వంగి రాడ్ పట్టినవాడి గాలీ, పక్కన నిలబడినవాడి గాలీ ఒకటి కాదు. అందుకే శాస్త్రం ఒక్కో మనిషి ముక్కు దాకా వెళ్తుంది.

మరి చట్టం? 1948 ఫ్యాక్టరీల చట్టం వెల్డింగ్ పొగకు ఘనపు మీటరుకు 5 మిల్లీగ్రాములని హద్దు పెట్టింది. కానీ కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. దాని స్థానంలో తెచ్చిన 2020 కార్మిక భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. ఇద్దరే పనిచేసే షెడ్డులో ఊపిరితిత్తులు వేరుగా ఉంటాయా? తక్కువ మంది ఉన్నచోటికీ చట్టాన్ని వర్తింపజేసే అధికారం పాత చట్టంలోని 85వ సెక్షనే రాష్ట్రానికి ఇచ్చింది. అంటే దారి లేక కాదు, అటు నడవాలన్న తలంపు లేక.

కంటికి కనబడని హానిని కొలవడం ఉమ్మడి నల్లగొండకు కొత్త కాదు. నీళ్లలో ఫ్లోరైడ్‌ను కొలిచారు. దాన్ని తగ్గించే ఒక పద్ధతికి ఈ జిల్లా పేరే స్థిరపడింది. వంగిపోయిన ఎముకలు నీటిని ప్రశ్నగా మార్చాయి. ఊపిరి ప్రశ్న కావాలంటే ఇంకేం కనబడాలి?

కొలిచేదాకా చేతులు కట్టుకుని ఉండాలనీ కాదు. పొగను పుట్టినచోటే లాగేసే ఫ్యానూ గొట్టమూ, అతుకు వేసేముందు జింకు పూతను తీసేయడం, పొగ ముఖానికి కొట్టని వైపు నిలబడడం ఇవాళే చేయగలిగినవి. అయినా కొలవాలి. హద్దుకు లోపలుంటే హాని లేదని చెప్పడానికి కాదు, ఈ మనిషి ఊపిరికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి గనక. ఆ జవాబులో గేటు చేయించుకునే మనకూ భాగముంది. బేరమాడేటప్పుడు ఇనుము, రాడ్లు, కూలి లెక్కగడతాం. ఆ ఫ్యాను ఖర్చు కూడా అందులోదేనని ఒప్పుకోవడం మన వంతు.