పాత లైబ్రరీ తీసేసే ముందు

చి. సాహితికి,

ఇంటిల్లిపాది ఫొటోలూ ఉన్న మ్యాక్‌లో ఐఫొటో నుంచి ఫొటోస్‌కి మారడం పూర్తయిందనీ, ఇప్పుడు పిక్చర్స్ ఫోల్డర్‌లో ఎనభై జీబీ చొప్పున ఒకే సైజు లైబ్రరీలు రెండు కనిపిస్తున్నాయనీ, డిస్క్ నిండిందని హెచ్చరిక వస్తోంది కాబట్టి పాతదాన్ని ఈ ఆదివారమే తీసేస్తాననీ రాశావు. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదమ్మా. తీసేయవచ్చు. అయితే నువ్వు చెప్పిన కారణం మాత్రం నిలవదు. నీ నిర్ణయం వెనక రెండు నమ్మకాలున్నాయి. పాతది అనవసరంగా చోటు తింటోందన్నది ఒకటి, అందులో ఉన్నవన్నీ కొత్తదానిలోకి వచ్చేశాయన్నది రెండోది. మొదటిది దాదాపు తప్పు. రెండోది నిజమో కాదో కళ్లతో చూసుకుంటే తప్ప తెలియదు. పది మందికి చెందిన వస్తువును చూడకుండా చెరిపే అధికారం ఎవరికీ లేదని నా అభిప్రాయం. డిస్క్ నిండిపోవడం వల్ల ఆ అధికారం పుట్టదు.

మొదట చోటు సంగతి చూద్దాం. యాపిల్ సంస్థ ఐఫొటోను 2002లో, ఫొటోగ్రఫీ వృత్తిగా ఉన్నవాళ్ల కోసం అపర్చర్‌ను 2005లో తెచ్చింది. 2014 జూన్‌లో ఆ రెంటినీ ఇక ముందుకు తీసుకెళ్లబోమని ప్రకటించి, 2015 ఏప్రిల్‌లో మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ యోసెమిటీ 10.10.3తో పాటు ఫొటోస్‌ను ఇచ్చింది. అప్పట్లో చాలా మ్యాక్‌బుక్‌లలో డిస్క్ 128 జీబీయే. ఎనభై జీబీ ఫొటోలున్నవాళ్లు మారాలంటే ఇంకో ఎనభై జీబీ ఎక్కడి నుంచి తేవాలి? అందుకే ఫొటోస్ అసలు ఫొటోలను రెండోసారి రాయదు. హార్డ్ లింక్ అనే పాత పద్ధతి వాడుతుంది. యునిక్స్ పుట్టిన తొలినాళ్ల నుంచీ ఉన్న పద్ధతి ఇది. 2007లో వచ్చిన టైమ్ మెషీన్ కూడా గంటగంటకీ బ్యాకప్ తీసుకుంటూ డిస్క్ నింపేయకుండా ఉండడానికి దీన్నే వాడుకుంది. డిస్క్ మీద ఉన్న సమాచారం ఒకటి, దాన్ని చూపించే ఫైలు పేరు ఇంకొకటి. ఇంట్లో బుజ్జి, బడి రిజిస్టర్‌లో వెంకటలక్ష్మి అయినా పిల్ల ఒక్కతే అయినట్టు, ఒకే ఫొటోకు పాత లైబ్రరీలో ఒక పేరు, కొత్త లైబ్రరీలో ఒక పేరు ఉంటాయి. ఫైండర్ మాత్రం ఏ లైబ్రరీకి ఆ లైబ్రరీనే పూర్తిగా లెక్కగట్టి చూపిస్తుంది. అందుకే నీకు రెండు ఎనభైలు కనిపిస్తున్నాయి.

దీని పర్యవసానం ఏమిటో చూడు. ఫైలు చెరిపినప్పుడు కొట్టేసేది ఒక పేరునే. చివరి పేరు కూడా పోయినప్పుడే డిస్క్ మీద ఆ చోటు ఖాళీ అవుతుంది. పాత లైబ్రరీని చెత్తబుట్టలో వేసి ఖాళీ చేసినా, అందులోని చిన్న బొమ్మలూ డేటాబేస్ ఫైళ్లూ పట్టినంత చోటు వస్తుంది తప్ప ఎనభై జీబీ రాదు. పోనీ, దాన్ని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి జరిపేద్దామనుకుంటావేమో. హార్డ్ లింక్ ఒక డిస్క్ దాటి పనిచేయదు. కాబట్టి అక్కడ పూర్తి ఎనభై జీబీ కొత్తగా రాసుకుంటుంది, ఇక్కడ మాత్రం చోటు మిగలదు. ఒక్క విషయంలో నీ అనుమానం సరైనదే. మారిన తర్వాత కొత్తదానిలో నువ్వు చెరిపిన ఫొటోలు పాతదానిలో ఇంకా ఉంటాయి, వాటి చోటు పాతది ఉన్నంతకాలం తిరిగి రాదు. అందుకే ఏదో ఒక రోజు పాతదాన్ని తీసేయాల్సిందే అంటున్నాను. ఆ రోజు ఈ ఆదివారమే కానక్కర్లేదు.

ఈ హార్డ్ లింక్‌లో ఇంకో సంగతి ఉంది, నాకు అసలు ఆందోళన దానితోనే. రెండు లైబ్రరీలు కనిపిస్తున్నాయి కాబట్టి రెండు కాపీలున్నాయనే ధీమా చాలామందికి కలుగుతుంది. నిజానికి ఉన్నది ఒక్కటే. ఆ డిస్క్ పాడైతే రెండు పేర్లూ ఒకేసారి పోతాయి. కాబట్టి పాతదాన్ని ఉంచుకోవడం జాగ్రత్తపడడం కిందికి రాదు, తీసేయడం పొదుపు కిందికీ రాదు. ఈ రెండు పొరపాట్లూ కంటికి కనిపించే అంకెను నమ్మడం వల్ల వచ్చినవే.

ఇక రెండో నమ్మకం. మారడం పూర్తయిందని కంప్యూటర్ చెప్పింది కదా, మళ్లీ సరిచూడడం దేనికంటావు. కంప్యూటర్ తన పని పూర్తయిందని చెప్పింది. నీ ఇంటి ఫొటోలన్నీ క్షేమమని చెప్పలేదు. ఐఫొటోలోనూ అపర్చర్‌లోనూ ఫొటోలను లైబ్రరీలోకి కాపీ చేయకుండా, బయటి ఫోల్డర్‌లోనే ఉంచి అక్కడి నుంచి చూపించే పద్ధతి ఒకటి ఉండేది. అలా పెట్టిన ఫొటోలు ఫొటోస్‌కి మారాక కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి. పాత ఫోల్డర్లు ఎందుకులే అని వాటిని చెరిపేస్తే కొత్త లైబ్రరీలో చిన్న బొమ్మ అలాగే కనిపిస్తూంటుంది. ఆల్బమ్‌లో ఉంటుంది, లెక్కలోకీ వస్తుంది. పెద్దది చేసి చూడబోయిన రోజునే అసలు ఫైలు లేదని బయటపడుతుంది. అది ఏ పెళ్లిరోజుకో, ఇంట్లో పెద్దవాళ్లు పోయిన రోజుకో ఫొటో కట్టించాల్సి వచ్చినప్పుడు. ఇలా బయట మిగిలిపోయిన ఫొటోలను లైబ్రరీలోకి తెచ్చుకోవడానికి ఫొటోస్‌లోని ఫైల్ మెనూలో కన్సాలిడేట్ అనే ఆదేశం ఉంది. ముందు అది చెయ్యి.

ఫొటోలన్నీ వచ్చినా, వాటి చుట్టూ మీ నాన్న కూర్చుకున్న అమరిక యథాతథంగా వచ్చిందని అనుకోకు. ఐఫొటోలోని ఈవెంట్లు ఫొటోస్‌లో ఆల్బమ్‌లుగా మారతాయి. ఇచ్చిన నక్షత్రాలు కీవర్డ్‌లవుతాయి. ఇది నష్టం కాకపోవచ్చు, కానీ వేల ఫొటోల్లో ఏవి మంచివో ఎంచి పెట్టినవాళ్ల శ్రమ ఇప్పుడు ఎక్కడ దాగి ఉందో తెలియకపోతే ఉన్నా లేనట్టే. పాత లైబ్రరీని తెరిచి పోల్చి చూద్దామంటే దానికీ గడువుంది. 2019లో వచ్చిన కాటలీనా వెర్షన్ నుంచి అపర్చర్ తెరుచుకోవడమే మానేసింది. మ్యాక్‌ను అప్‌డేట్ చేశాక సరిచూద్దామనుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి క్రమం ముఖ్యం: పోల్చడం ముందు, అప్‌డేట్ తర్వాత, చెరపడం అన్నిటికంటే ఆఖరున.

ఇదంతా అతిజాగ్రత్త అనిపిస్తే, నీకంటే నాకంటే ఎంతో క్రమశిక్షణ ఉన్న చోట ఏం జరిగిందో చెబుతాను. 1969 జులైలో అపోలో 11 చంద్రుడి మీద దిగినప్పుడు అక్కడి కెమెరా సెకనుకు పది ఫ్రేముల చొప్పున బొమ్మలు పంపింది. ఆస్ట్రేలియాలోనూ కాలిఫోర్నియాలోనూ ఉన్న కేంద్రాలు ఆ సంకేతాన్ని అందుకుని, మామూలు టీవీకి పనికొచ్చేలా మార్చి ప్రసారానికి ఇచ్చాయి. మారుస్తున్నప్పుడు బొమ్మ నాణ్యత బాగా తగ్గింది. ప్రపంచమంతా చూసింది ఆ తగ్గిన బొమ్మనే. అసలు సంకేతం వేరే టేపుల మీద ఉండిపోయింది. తర్వాతి సంవత్సరాల్లో కొత్త టేపులు దొరక్క నాసా పాత టేపులను పెద్ద ఎత్తున చెరిపి మళ్లీ వాడుకుంది. ఏళ్ల తరబడి వెతికాక, ఆ అసలు రికార్డులు కూడా అలాగే చెరిగిపోయి ఉంటాయని 2009లో తేల్చింది. అక్కడ ఎవరిదీ దురుద్దేశం కాదు. చోటు కావాల్సివచ్చింది. అదే ఘట్టం ఇంకో రూపంలో భద్రంగా కనిపిస్తోంది. కనిపిస్తున్నది అసలు కాదన్న సంగతి ఆ టేపు చేతిలో ఉన్నవాళ్లకు తట్టలేదు, లేదా అడిగి తెలుసుకునే పని ఎవరికీ అప్పగించలేదు. మన కాలంలోనూ ఇలాంటిదే జరిగింది. మైస్పేస్ సంస్థ సర్వర్లు మారుస్తున్నప్పుడు, అంతకు మూడేళ్లకు ముందు జనం దాచుకున్న ఫొటోలూ పాటలూ వీడియోలూ పోయాయని 2019లో బయటపడింది.

క్లౌడ్‌లో ఉన్నాయి కదా పెదనాన్నా అంటావు. ఉండవచ్చు, కానీ ఎలా ఉన్నాయో తెలుసుకో. ఐక్లౌడ్ ఫొటోస్ చేసేది అన్ని పరికరాల్లో ఒకే సంగతి కనిపించేలా చూడడం. ఫోన్‌లో చెరిపితే మ్యాక్‌లోనూ చెరిగిపోతుంది, క్లౌడ్‌లోనూ చెరిగిపోతుంది. బ్యాకప్ అంటే ఒకచోట చేసిన తప్పు ఇంకోచోటికి పాకకుండా ఉండాలి. ఇది ఆ తప్పును క్షణాల్లో అన్ని చోట్లకీ చేరవేస్తుంది. స్టోరేజ్ ఆప్టిమైజ్ చేయమని నువ్వు ఎంచుకుంటే అసలు ఫొటోలు క్లౌడ్‌లోకి వెళ్లి, మ్యాక్‌లో చిన్నవి మిగులుతాయి. అది మంచి సౌకర్యమే, డిస్క్ ఇరుకుగా ఉన్నవాళ్లకు నేనూ చెబుతాను. అయితే ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. మిగతాదంతా నెలనెలా కట్టే డబ్బు మీద, ఆ సంస్థ షరతుల మీద ఆధారపడి ఉంటుంది. షరతులు మారవనుకోకు. గూగుల్ ఫొటోస్ ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకోమని 2015లో మొదలుపెట్టి, 2021 జూన్ 1 నుంచి కొత్తగా పెట్టే ప్రతి ఫొటోనూ 15 జీబీ లెక్కలోకి తెచ్చింది. మన కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి కదా అన్న మాట కూడా నిలవదు. అక్కడ ఫొటోగా పంపినది కుదించుకుపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారో చెప్పే వివరాలు కూడా దాని నుంచి రాలిపోతాయి.

నీ వైపు నుంచి రాగల గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. ఇన్ని వేల ఫొటోలు ఎవరు చూస్తారు, ఒకే భంగిమలో పన్నెండేసి ఎందుకు, అన్నిటినీ మోసుకుపోవడం కూడా ఒక వ్యామోహమే కదా? ఒప్పుకుంటాను. అక్కర్లేనివి తీసేయడం మంచి అలవాటు, తీసేయడం తెలియని ఇంట్లో ఉన్నవాటికీ విలువ తెలియదు. నా అభ్యంతరం తీసేయడం మీద కాదు. చూసి వద్దనుకోవడానికీ, హెచ్చరికకు కంగారుపడి చెరపడానికీ చాలా తేడా ఉంది. మొదటిదానిలో నువ్వు ఎంచుతున్నావు. రెండోదానిలో ఏది పోవాలో డిస్క్ సైజు నిర్ణయిస్తోంది. పైగా ఆ ఫొటోలు నీవొక్కదానివే కావు. కంప్యూటర్ తెలిసిన పిల్లకు ఇంట్లో అందరూ తమ ఫోన్లు అప్పగించేస్తారు. ఫోన్‌లో ఖాళీ లేదంటోంది, కాస్త చూడమ్మా అంటారు. ఆ మాటలో ఎంత నమ్మకం ఉందో ఆలోచించు. చీటీ రాయించుకోరు, ఏం తీసేశావని అడగరు, అడగడం వాళ్లకు చేతకాదు కూడా. లెక్క అడగలేనివాళ్లు అప్పగించిన దాన్ని లెక్క అడిగేవాళ్లు అప్పగించిన దానికంటే జాగ్రత్తగా చూడాలి. నీకు మసకగా, పనికిరానట్టుగా కనిపించిన ఫొటోలో వెనక వరసలో నిలబడ్డ మనిషి ఎవరో మీ అత్తయ్యకే తెలిసి ఉండవచ్చు. ఆ మనిషికి అది తప్ప ఇంకో ఫొటో లేకపోవచ్చు. ఎంచే పని నువ్వొక్కదానివే పెట్టుకోకు. పండక్కి అందరూ వచ్చినప్పుడు టీవీకి తగిలించి, కూర్చోబెట్టి చూపించు. ఏది ఉండాలో వాళ్లు చెబుతారు, ఎవరు ఎవరో పేర్లూ చెబుతారు. ఆ పేర్లు ఏ అప్లికేషనూ నీకు ఇవ్వలేదు.

అంతవరకు డిస్క్ ఆగుతుందా అంటే, చోటు దొరికే తావులు వేరే ఉన్నాయి. ఐఫోన్‌లో 4కె వీడియో సెకనుకు 60 ఫ్రేములతో తీస్తే నిమిషానికి సుమారు 400 ఎంబీ పడుతుంది. అదే 1080పీలో 30 ఫ్రేములతో అయితే 60 ఎంబీ. ఊరేగింపులో పొరపాటున జేబులో ఆన్ అయి ఉండిపోయిన ఒక్క వీడియో తీసేస్తే వందల ఫొటోలకు చోటు వస్తుంది. కాబట్టి ముందు వీడియోలు చూడు. 2022లో వచ్చిన వెంచురా నుంచి ఫొటోస్‌లో ఒకే ఫొటో రెండుసార్లు ఉంటే పట్టి చూపించే ఆల్బమ్ ఉంది. రెంటినీ కలిపి మెరుగైనదాన్ని ఉంచుతుంది కాబట్టి అక్కడ భయం లేదు. పెద్దవాళ్ల ఫోన్లలోనైతే వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ నిర్వహణ అన్న చోటికి వెళ్లు. 5 ఎంబీ దాటినవీ, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవీ విడివిడిగా చూపిస్తుంది. శుభోదయం బొమ్మలూ, పది గ్రూపుల్లో తిరిగిన ఒకే వీడియో అక్కడే పోగుపడి ఉంటాయి. అవి ఎవరి జ్ఞాపకాలూ కావు, నిస్సంకోచంగా తీసేయవచ్చు. తీసేసిన వెంటనే అంకె మారకపోతే కంగారుపడి ఇంకా చెరపకు. ఫొటోస్‌లో చెరిపినవి 30 రోజులు విడిగా ఉంటాయి. టైమ్ మెషీన్ ఆన్‌లో ఉంటే డిస్క్ మీదే స్నాప్‌షాట్‌లు ఉంచుతుంది, అవి ఒక రోజు గడిచాక వాటంతట అవే పోతాయి.

ఆ తర్వాత ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొని, అసలు ఫొటోలన్నీ లోపలికి వచ్చాయని చూసుకున్న కొత్త లైబ్రరీని దానిలోకి కాపీ చెయ్యి. ఆ డ్రైవ్‌ను వేరే మ్యాక్‌కు తగిలించి లైబ్రరీని తెరువు. ప్రతి సంవత్సరం నుంచీ కొన్ని ఫొటోలు పూర్తి సైజులో చూడు, వీడియోలు ఆఖరిదాకా నడుస్తున్నాయో లేదో చూడు. పాతదానిలో ఎన్ని ఫొటోలున్నాయో ఇందులోనూ అన్ని ఉన్నాయేమో పోల్చు. తేడా వస్తే అది దేనివల్లో తెలిసేదాకా ఆగు. తేలాక పాత లైబ్రరీ తీసేయి. డ్రైవ్ మీద తేదీ రాసి, మ్యాక్ పక్కనే కాకుండా మీ అత్తయ్య వాళ్లింట్లో పెట్టించు, పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అదేమిటో మీ అమ్మకు కూడా చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న