సందేశం గడిలో ఏం రాయాలి?

రెండేళ్ల కిందట కొన్ని నెలలపాటు, శనివారాల్లో, ఊరి చివరున్న ఒక ప్రభుత్వ బడిలో ఏడో తరగతి పిల్లలకి కథలు చెప్పేవాణ్ణి. మా ఆఫీసులో వాలంటీరింగ్ గంటలని ఉంటాయి, ఏడాదికి ఇన్ని అని. చాలామంది మొక్కలు నాటి, ఫొటో దిగి వచ్చేస్తారు. నాకు కథల పిచ్చి ఉంది కాబట్టి ఇది ఎంచుకున్నాను.

కథలోని మూలాంశాలు నేర్పాలని నా ప్లాను. అందుకోసం ఒక పట్టిక తయారుచేశాను, ఆరు గళ్లు: స్థలకాలాలు, పాత్రలు, సంఘర్షణ, పతాక సన్నివేశం, ముగింపు, సందేశం. ఏ కథ ఇచ్చినా ఈ ఆరు గళ్లూ నింపగలిగితే కథ అర్థమైనట్టే. ఇంజనీరు బుర్ర కదా, ఒక టెంప్లేట్ దొరికిందంటే సగం పని అయిపోయిందనుకుంటుంది.

కథ ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’. 1933 నాటిది. హిందీ నుంచి నేనే సులువు చేసి తెలుగులో రాసుకుని చదివాను. చాలామందికి తెలిసిన కథే. నాలుగైదేళ్ల హామిద్‌కి అమ్మా నాన్నా లేరు, నానమ్మ అమీనా దగ్గర పెరుగుతున్నాడు. రంజాన్ పండగరోజు ఊళ్లో పిల్లలతో కలిసి ఈద్‌గాహ్‌కి నడిచి వెళ్తాడు. జేబులో మూడు పైసలు. మిగతా పిల్లలు మిఠాయిలు తింటారు, మట్టిబొమ్మలు కొంటారు: సిపాయి, భిస్తీ, వకీలు, చాకలామె. హామిద్ మాత్రం రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ వేళ్లు కాలుతున్నాయని గుర్తొచ్చి, బేరమాడి మూడు పైసలకి ఒక చిమ్టా, అంటే పట్టకారు, కొంటాడు. దాన్ని తుపాకీలా భుజాన వేసుకుని ఇంటికొస్తాడు. నానమ్మ ముందు తిడుతుంది, తర్వాత ఏడుస్తుంది.

పిల్లలు గళ్లు నింపారు. రెండో బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి సంఘర్షణ గడిలో ‘మూడు పైసలు’ అని రాశాడు. అంతే, రెండే మాటలు. చాలా బావుందనిపించి పక్కన టిక్కు పెట్టాను. సందేశం గడిలో మాత్రం వాడు ఇలా రాశాడు: ‘వానికి బొమ్మ ఎవ్వరూ కొనియ్యలే.’

నేను ఎర్రపెన్నుతో దాన్ని కొట్టేసి, కింద ‘త్యాగం, పెద్దల పట్ల ప్రేమ’ అని రాశాను. “నువ్వు రాసింది కథలో జరిగిన సంగతిరా, సందేశం కాదు. సందేశమంటే కథ మనకి ఏం చెప్తోంది అని,” అని చెప్పాను కూడా. వాడు తలూపాడు. రెండు వారాల తర్వాత చిన్న టెస్టు పెడితే గుండ్రటి అక్షరాలతో ‘త్యాగం, పెద్దల పట్ల ప్రేమ’ అని రాశాడు. పూర్తి మార్కులు వేశాను. ఆ కాగితం ఇంటికి తెచ్చుకున్నాక, రాత్రి ఇంకోసారి చూస్తుంటే, నేను చేసిన పనేమిటో మెల్లగా అర్థమైంది.

మూలాంశాలు నేర్పడమే తప్పని అనను. అలా అనడం కాస్త ఫ్యాషన్ కూడా: ‘కథని కోసి ముక్కలు చెయ్యకూడదు, అనుభవించాలి’ అని. ఇంట్లో పుస్తకాల బీరువా ఉన్నవాళ్లకి ఆ మాట చెల్లుతుంది. ఇంజనీరింగ్ చదివి, ముప్ఫై దాటేదాకా ఒక కథ నాకెందుకు నచ్చిందో చెప్పడానికి నా దగ్గర మాటలుండేవి కావు. ‘బావుంది’, ‘టచింగ్‌గా ఉంది’, అక్కడితో ఆగిపోయేవాణ్ణి. వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి ‘కథాశిల్పం’ (1999లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన పుస్తకం) చదివాకే, నాకు అనిపించినదానికి పేర్లున్నాయని తెలిసింది. పేరు తెలిస్తే పట్టుకోవడానికి పిడి దొరికినట్టు. ఆ పిడి ఏడో తరగతిలోనే దొరికితే ఇంకా మంచిది. ‘మూడు పైసలు’ అని రాసిన పిల్లాడికి ‘సంఘర్షణ’ అన్న మాట ఇచ్చాను కాబట్టే ఆ జవాబు వచ్చింది. ఆ మాటకి నేను క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు.

పైగా మొదటి ఐదు గళ్లు పిల్లల చేతుల్లో భలే సాగాయి. స్థలకాలాల గడిలో నేను ఆశించింది ‘ఒక పల్లెటూరు, పండగ రోజు’ అని. ఒకమ్మాయి ‘మూడు కోసులు, చెప్పుల్లేకుండ’ అని రాసింది. కోసంటే సుమారు మూడు కిలోమీటర్లు. కథలో ఈ రెండు వివరాలూ వస్తాయి, ఈద్‌గాహ్ మూడు కోసుల దూరమని, హామిద్ కాళ్లకి చెప్పుల్లేవని. నేను ఎన్నోసార్లు చదివినా వాటిని కలిపి చూడలేదు. ఆ పిల్ల కలిపింది. స్థలం అంటే మ్యాపులో చుక్క కాదని, ఎవరి కాళ్లు దాని మీద నడుస్తున్నాయో కూడా అందులో ఉంటుందని ఏ విమర్శ పుస్తకంలోనైనా రాసుకోదగ్గ సంగతి.

పతాక సన్నివేశం దగ్గర క్లాసులో దాదాపు కొట్లాట అయింది. నా దృష్టిలో అది నానమ్మ ఏడ్చే చోటు. కొందరు చిమ్టా కొన్న చోటన్నారు. ఎక్కువమంది, ముఖ్యంగా మగపిల్లలు, హామిద్ వాదించి గెలిచిన చోటన్నారు. కొనుక్కొచ్చాక పిల్లలంతా చిమ్టాని చూసి నవ్వుతారు, అదీ ఒక బొమ్మేనా అని. హామిద్ ఒక్కడే అందరితో తలపడి, తన చిమ్టా ముందు మీ సిపాయిలూ వకీళ్లూ దిగదుడుపే అని ఒప్పిస్తాడు. చివరికి వాళ్లే తమ బొమ్మలు వాడి చేతికిచ్చి, చిమ్టా ఒకసారి పట్టుకోనివ్వమని బతిమాలతారు. “అక్కడ గెలిచిండు సార్. ఇంటికాడ ఏమున్నది, ఏడుపే కదా,” అన్నాడొకడు. కథ ఎత్తుగీత ఎక్కడ శిఖరమవుతుందో చూసేవాడు నిలబడ్డ చోటుని బట్టి మారుతుందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆ శిఖరం బొమ్మ కూడా, అసలు సంగతి చెప్పాలంటే, కథల కోసం గీసింది కాదు. 1863లో గుస్టావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత నాటకాల మీద పుస్తకం రాస్తూ, గ్రీకు, షేక్‌స్పియర్ నాటకాలను దృష్టిలో పెట్టుకుని గీసిన పిరమిడ్ అది. ఇప్పుడది ప్రపంచమంతా బడిపిల్లల వర్క్‌షీట్లలోకి ఎక్కేసింది. మన భరతుడి లెక్క వేరు: ప్రారంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. చూడ్డానికి అదీ ఒక గీతే, కానీ అక్కడ అడిగే ప్రశ్న ఫలం గురించి, అది కోరుకున్నవాడి గురించి. ‘ఈద్‌గాహ్’లో ఫలం ఎవరిది? అమీనాకి చిమ్టా దొరికింది. హామిద్‌కి?

అంటే తిప్పి తిప్పి ఆరో గడి దగ్గరికే వస్తున్నాం.

ఆ గడి మనకి ఎక్కడి నుంచో ఊడిపడలేదు. ‘ఈ కథలో నీతి ఏమిటి?’ అని వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’ అచ్చువేసినప్పటి నుంచీ బడికీ నీతికథకీ పెళ్లయిపోయింది. అయితే ఆ పుస్తకం వెనకున్న పంచతంత్రాన్నే జాగ్రత్తగా చూస్తే ఒక తమాషా ఉంది. అందులో కథలు గాల్లోంచి రావు. ఒక పాత్ర ఇంకో పాత్రకి చెప్తుంది, ఏదో పని సాధించుకోవడానికి. మిత్రభేదంలో దమనకుడనే నక్క, సింహానికీ ఎద్దుకీ ఉన్న స్నేహం చెడగొట్టడానికి కథ మీద కథ చెప్తుంది. ఒక్కో కథకీ ఒక నీతి ఉంటుంది, విడిగా తీసి చూస్తే అన్నీ సబబుగానే ఉంటాయి. ఆ సబబైన నీతులన్నీ కలిసి చివరికి ఎద్దుని చంపిస్తాయి. నీతి చెప్పేవాడొకడు ఉంటాడని, వాడికి దానితో అవసరం ఉంటుందని పంచతంత్రానికి బాగా తెలుసు. మనం మాత్రం నక్కని తీసేసి నీతిని ఒక్కదాన్నే గడిలో పెట్టాం.

మరి ‘ఈద్‌గాహ్’కి సందేశం త్యాగం అని చెప్తున్నదెవరు? ఇక్కడ నాకు అడ్డొచ్చే విషయం ఒకటుంది, దాచకూడదు. ‘త్యాగం’ అన్న మాట నేను కల్పించింది కాదు, కథలోనే ఉంది. చిమ్టా చూశాక అమీనా మనసులో మెదిలే మాట అది. ఈ పసివాడిలో ఎంత త్యాగం, ఎంత వివేకం అనుకుంటుంది. అయితే ఆ వెంటనే, మిగతా పిల్లలు మిఠాయిలు తింటుంటే, బొమ్మలు కొంటుంటే వీడి ప్రాణం ఎంత కొట్టుకుని ఉంటుందో అని కూడా అనుకుంటుంది. ఆ రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి. తర్వాత ప్రేమ్‌చంద్ చెప్పే వింత ఏమిటంటే, అక్కడ పిల్లవాడు ముసలివాడి పాత్ర వేశాడు, ముసలామె చిన్నపిల్ల అయిపోయి ఏడ్చింది, చెంగు చాపి వాడికోసం దువా చేసింది.

అమీనా త్యాగం అన్న మాట ఏడుస్తూ అంది. నేను ఎర్రపెన్నుతో రాశాను. మాట ఒకటే. ఆమెకి అది తన పేదరికం తన మనవడి బాల్యాన్ని తినేసిందన్న ఎరుక. నేను రాసినప్పుడు అది పిల్లలు అలవరచుకోవాల్సిన మంచి గుణమైపోయింది. అదీ ఎవరికి చెప్తున్నాను? ఆ క్లాసులో సగంమంది పిల్లలు ఏదో ఒక రూపంలో చిమ్టాలు కొంటున్నవాళ్లే. సాయంత్రాలు కూరగాయల బండి దగ్గర నిలబడేవాళ్లు, చెల్లెలికి జ్వరమొస్తే తామే బడి మానేసేవాళ్లు. మంచి జీతమొచ్చే మనిషి ఒకడు శనివారం కారులో వచ్చి, బొమ్మ అడక్కపోవడమే గొప్పతనమని వాళ్లకి చెప్పి వెళ్లాడు. దమనకుడికైనా తనకేం కావాలో తెలుసు. నాకు అదీ తెలియదు.

‘వానికి బొమ్మ ఎవ్వరూ కొనియ్యలే’ అన్న వాక్యం అప్పుడు మళ్లీ చదివాను. అది జరిగిన సంగతి మాత్రమే కాదు. అందులో ఒక ‘ఎవ్వరూ’ ఉంది. కొనియ్యాల్సినవాళ్లు ఎవరో ఉన్నారని, వాళ్లు కొనియ్యలేదని దానర్థం. ప్రేమ్‌చంద్ 1936లో లక్నోలో అభ్యుదయ రచయితల మొదటి మహాసభకి అధ్యక్షత వహిస్తూ, అందాన్ని కొలిచే మన గీటురాయి మారాలన్నాడు. ఆయన ఆ వాక్యాన్ని నాకన్నా బాగా అర్థం చేసుకునేవాడేమో.

టీచరుగా చేస్తున్న ఒక స్నేహితురాలికి ఇదంతా చెప్తే ఆమె కరిగిపోలేదు. “నువ్వు ఆ పిల్లాడి జవాబు కరెక్టని వదిలేశావనుకో. రేపు పబ్లిక్ పరీక్షలో పేపర్ దిద్దేవాళ్లు ‘త్యాగం’ కోసం వెతుకుతారు. నీకు విమర్శ బావుంటుంది, వాడికి మార్కులు పోతాయి. అది న్యాయమా?” అంది. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. పరీక్షకి ఒకటి, మనసుకి ఒకటి రాసుకోమని చెప్పొచ్చు. చాలామంది తెలివైన పిల్లలు చేసేది అదే, నేనూ చేశాను. కానీ పన్నెండేళ్ల పిల్లాడికి ఆ రెండు నాలుకల విద్య నేను దగ్గరుండి నేర్పడం ఏ గడిలోకి వస్తుంది?

ఆ అబ్బాయికి సారీ చెప్పాను, కాస్త ఆలస్యంగా. కాగితం చూపించి, “నువ్వు మొదట రాసిందే బావుందిరా, నేను కొట్టేయకుండా ఉండాల్సింది,” అన్నాను. వాడు నన్ను అనుమానంగా చూసి, “అయితే మార్కులు తీసేస్తరా సార్?” అన్నాడు.

మరుసటి ఏడాది కొత్త బ్యాచ్‌కి అదే కథ చెప్పాను. ఆరో గడి తీసెయ్యలేదు, దాని తల మార్చాను: ‘ఈ కథ నీకేం చెప్పింది? కథలో ఎక్కడ చెప్పింది?’ రెండో ప్రశ్న ముఖ్యం. లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు రాసి, అన్నీ కరెక్టే అనుకునే బద్ధకంలోకి జారిపోతాం. చాలామంది త్యాగమనే రాశారు, నేను చెప్పకుండానే. అది వాళ్లకి ఎప్పుడో అంది ఉంది.

ఒకమ్మాయి మాత్రం ‘దాదీ మంచిగ చెయ్యలే, చిన్నపిల్లగాణ్ణి ఒక్కణ్ణి పంపింది’ అని రాసింది. నాకు నచ్చలేదు. అమీనా పక్షాన వాదించాను, పాపం ఆమె దగ్గర ఏముందని. ఆ పిల్ల నేనిచ్చిన కాగితంలోనే వేలుపెట్టి చూపించింది. వాడితో వెళ్లి, అలిసిపోతే ఎత్తుకుందామని అమీనా అనుకుంటుంది, కానీ ఇక్కడ సేమ్యా ఎవరు వండుతారని ఆగిపోతుంది. “సేమ్యా ఎక్కువనా సార్?” అంది. పండగపూట ఇంటికొచ్చేవాళ్లకి ఏదో ఒకటి పెట్టకపోతే పేదవాళ్ల పరువు ఎలా పోతుందో వివరించాను. విన్నది, ఒప్పుకోలేదు. మూడు మార్కులకి రెండు వేశాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందని అడిగితే చెప్పడానికి ఒక కారణం సిద్ధం చేసుకున్నాను గానీ, ఆమె అడగలేదు.